కొంగముక్కు చిన్నక్క

ఐదేళ్ల కిందట జూలై నెలలో ఒక పొద్దున, రామసముద్రం మండలం బోడిగుట్టపల్లె రైతు చిన్నక్క రోడ్డు కింది తూములోకి దిగి తన విత్తనాలు తానే ఏరుకుంది.

ముందు రోజే రెండున్నర ఎకరాల్లో వేరుశనగ విత్తారు. ట్రాక్టరు పెట్టి రెండుసార్లు దున్నించి, గడ్డలన్నీ చితక్కొట్టించి, నేలను రాగిపిండిలా చేసి మరీ విత్తారు. తెల్లారుజామున గంటసేపు వాన దంచింది. చేను గుట్టవారన ఏటవాలుగా ఉంటుంది. మెత్తబడిన మన్నంతా ఎర్రటి నీళ్లయి, విత్తనాలతో సహా జారి, తూములో కుప్పపడింది. చిన్నక్క మోకాళ్ల లోతు బురదలో నిలబడి, కొంగు చాచి, దొరికిన గింజనల్లా అందులో వేసుకుంది. ఏడవలేదట. "ఏడ్సేకి తీరికెక్కడిదమ్మా, గింజలు నానిపోతాండాయి కదా" అంది నాతో తర్వాత ఎప్పుడో.

ఆ బరువుతోనే చేనుకు తిరిగొచ్చింది. చేనంతా గీరుకుపోయి ఉంది. మూలన కానుగ చెట్టు కింద మాత్రం గుడిసె పట్టేంత జాగా చెక్కుచెదరలేదు. కొమ్మలు అడ్డమొచ్చి ట్రాక్టరు అక్కడ తిరగలేకపోయింది. కిందటేడు పీకకుండా వదిలేసిన ఉలవమోళ్లు, రాలిన ఆకు, ఎండిన తీగ ఇంకా నేలమీద పరుచుకుని ఉన్నాయి. వాన దాని మీదా అంతే పడింది. మన్ను మాత్రం కదల్లేదు. చిన్నక్క వంగి, ఆ చెత్తను పక్కకు నెట్టి, వేళ్లు లోపలికి గుచ్చింది. జున్నులోకి దిగినట్టు దిగాయి. చల్లగా, నల్లగా, మెత్తగా ఉంది. రెండు వానపాములు మెలికలు తిరుగుతూ లోపలికి జారుకున్నాయి.

"ఏమప్పా! యాడుండావు? బిన్నా రా, బిన్నా!"

భర్త మునెప్ప అప్పుడే మేకలను దొడ్లోంచి వదులుతున్నాడు. ఆ కేక విని కర్ర పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు.

"యాడ మే? పామేనా?"

"పాము గాదప్పా. నేల! ఈ నేల సూడు!"

మునెప్ప నేలను చూశాడు, పెళ్లాన్ని చూశాడు, కర్ర భుజాన వేసుకుని మేకల దగ్గరికి వెళ్లిపోయాడు.

చిన్నక్కకు అప్పుడు నలభై ఏడేళ్లు. పుట్టింది సదుం వైపు పల్లెలో. అయిదో తరగతి దాకా చదివింది. పెళ్లయి బోడిగుట్టపల్లెకొచ్చి ముప్పై ఏళ్లు దగ్గరపడింది. ఒక్కతే కూతురు, రేఖ, పుంగనూరులో నర్సు. భార్యాభర్తలకు ఆ మెట్టచేను, ఇరవై రెండు మేకలు, అంతే. చిన్నక్క మనిషి పొట్టి, గొంతు మాత్రం గుట్ట అవతలికి వినబడుతుంది. ఏ పనైనా ఇప్పుడే జరిగిపోవాలి ఆమెకు.

నాకు ఆమె పరిచయమైంది మా చెల్లెలు ఉషారాణి వల్ల. నేను మదనపల్లెలో బడిపంతులమ్మను. ఉషారాణి పల్లెలు తిరిగి రైతులకు ప్రకృతి సేద్యం నేర్పే ఉద్యోగంలో ఉంది. ఆ వాన పడిన వారానికి బోడిగుట్టపల్లెలో మీటింగు పెట్టింది. ఎనిమిది మంది వచ్చారు. దున్నకుండా విత్తడం, నేలను ఎప్పుడూ ఏదో ఒక ఆకుతో, చెత్తతో కప్పి ఉంచడం, ఒకే పైరు బదులు నాలుగైదు రకాలు కలిపి వేయడం గురించి ఉషారాణి చెప్తుంటే ఏడుగురు మధ్యలోనే లేచిపోయారు. చిన్నక్క మాత్రం ఆమె చెయ్యి పట్టుకుని సరాసరి కానుగ చెట్టు కిందికి లాక్కెళ్లింది.

"నువ్వు చెప్పేది ఇదే కదమ్మా? ఇదేనా, కాదా?"

ఉషారాణి వంగి మట్టి చూసి నవ్వేసింది. "ఇదే అక్కా. నేను బొమ్మల్లో చూపించేది నీ చేన్లోనే ఉండాది."

"అయితే అరెకరా చేస్తా. ఈయేడే!"

చేస్తాననడం తేలికే. ఆ సెప్టెంబరులో అరెకరాలో ఉలవలు చల్లారు. కోతకొచ్చాక అసలు గొడవ మొదలైంది. ఉలవకట్టె అంటే మేకలకు పండగ. ఏటా వేళ్లతో సహా పీకి దొడ్లో వేసేవాళ్లు. ఈసారి మోళ్లు, సగం కట్టె చేన్లోనే వదిలేస్తానంది చిన్నక్క.

"మేకలకు ఏం పెట్టేది? నీ మాటలా?" అన్నాడు మునెప్ప.

"నేల గూడా తినాల కదప్పా. ముప్పై ఏండ్లు దాని నోటికాడిది లాగి మేకలకు పెట్టినాము."

"నేలకు నోరుండాదా మే?"

"నువ్వు చెయ్యి పెట్టి సూస్తే తెలిసేది. సూడనే సూడవు!"

నాలుగు రోజులు మాటల్లేవు. అయిదో రోజు చిన్నక్కే ఒక దారి కనిపెట్టింది. పైన లేత కట్టె మేకలకు, జానెడు మోడు, రాలిన ఆకు నేలకు. అది చాలక, చేను చుట్టూ గెనిమి గట్ల మీద అవిసె నాటింది. అది ఎదిగితే ఆకంతా మేకలకే. మునెప్ప ఒప్పుకోలేదు, కాదనలేదు. మేకలు ఆ అరెకరాలోకి రాకుండా ముళ్లకంప మాత్రం తనే తెచ్చి అడ్డం వేశాడు.

మరుసటి ఏడు వానలకు ఆ చెత్త కప్పు మీదే కంది, అనప, అలసంద, జొన్న కలిపి విత్తాలనుకుంది. దున్నితే సాళ్లలో గింజ వేసే గొర్రు తోలొచ్చు. దున్నకపోతే గింజ గింజకూ గుంత తియ్యాలి. గడ్డపార ముక్కతో ఒక పోటు, వంగి ఒక గింజ, కాలితో ఒక తొక్కు. అరెకరాకు పదివేల గుంతలకు పైనే. తొమ్మిది రోజులు పట్టింది. పదో రోజు చిన్నక్క మంచం మీంచి లేవలేకపోయింది. రేఖ పుంగనూరు నుంచి వచ్చి నడుముకు పట్టీ వేసి, "అమ్మా, ఇంక వంగినావంటే నేనే వచ్చి నిన్ను మంచానికి కట్టేస్తా" అంది.

పైరు మొలిచింది గానీ ఆలస్యమైంది. కలుపు కూడా గట్టిగానే వచ్చింది. ఆ ఏడు అరెకరాలో మునుపటికంటే తక్కువే పండింది. పక్క చేను శంకరప్ప, ఊళ్లో ట్రాక్టరు ఉన్నది ఆయనకే, గట్టు మీద నిలబడి అన్నాడు: "ఏమ్మా చిన్నక్కా, చెత్త బాగా పండినట్టుండాదే!"

చిన్నక్క బుర్రంతా ఒకే ఒక ప్రశ్న. వంగకుండా గుంత తియ్యడం ఎట్లా?

జవాబు సంగటి వండుతుంటే దొరికింది. ఎండాకాలం, వాకిట్లో కట్టెల పొయ్యి. కుండ దించి, చేతిలోని పట్టకారును అలవాటుగా పక్కనున్న తడిమట్టిలో గుచ్చింది. గిన్నెలు కడిగిన నీళ్లు పోయే చోటది, ఎప్పుడూ తడిగానే ఉంటుంది. కుండను మళ్లీ పొయ్యెక్కించేటప్పుడు పట్టకారు పీకబోతే పిడులు విడిపోయాయి. కింద ముక్కు తెరుచుకుంది. బయటికి తీసి చూస్తే మట్టిలో చక్కటి గుంత. ఒక గింజ పట్టేంత. లోతు కూడా సరిగ్గా రెండు వేళ్లు.

చిన్నక్క మళ్లీ గుచ్చింది. పిడులు విడదీసింది. మళ్లీ గుంత! లోపలికి పరుగెత్తి గుప్పెడు అనపగింజలు తెచ్చింది. గుచ్చడం, విడదీయడం, ఆ తెరిచిన ముక్కు సందులోంచే గింజ వదలడం, లాగెయ్యడం. మట్టి దానంతటదే మూసుకుంటోంది. వాకిలంతా గుచ్చింది. మునెప్ప వచ్చేసరికి సంగటి మాడి ఇల్లంతా పొగ.

"యాల మే ఇట్ల చేస్తాండావు? మధ్యాన్నానికి ఏం తినేది?"

"సంగటి పోతే పోయింది. ఇది సూడప్పా! దీన్ని నిలువెత్తు చేస్తే వంగేపనే లే!"

మరునాడు పొద్దున్నే పట్టకారును సంచిలో వేసుకుని పుంగనూరు బస్సెక్కింది. అక్కడ ఈశ్వరప్ప వెల్డింగ్ షాపు. గేట్లు, కిటికీ గ్రిల్స్ చేస్తాడు. అరవై దాటిన మనిషి, మాట తక్కువ. పట్టకారు తీసి బల్ల మీద పెట్టింది.

"విరిగిందామ్మా?" అన్నాడాయన.

"విరగలేదన్నా. దీన్ని నా ఎత్తు చేసియ్యి."

ఈశ్వరప్ప కళ్లద్దాలు పైకి తోసుకుని ఆమెను కిందినుంచి పైదాకా చూశాడు. "ఏం ఎత్తడానికమ్మా? ఏనుగునా?"

చిన్నక్క మొత్తం చెప్పింది. చేతులూపుతూ, షాపు ముందున్న ఇసుకలో గుచ్చి చూపిస్తూ చెప్పింది. ఈశ్వరప్ప అంతా విని, "వారం రోజులాగి రా" అన్నాడు.

మొదట చేసింది పనికిరాలేదు. ముక్కు వెడల్పయి బంకమట్టి పట్టేసుకుంది, పది గుంతలకొకసారి పుల్లతో తియ్యాల్సి వచ్చింది. రెండోదానికి ముక్కు సన్నం చేసి, పాత లారీ కమాను పట్టీ ఇనుము వాడాడు. అది నేలలోకి కత్తిలా దిగింది. అయితే పైనుంచి గింజ వదలడానికి పక్కన అతికించిన ఇనుప గొట్టం వంకరగా ఉండి, అనపగింజలు మధ్యలో ఇరుక్కున్నాయి. చిన్నక్క రెండు సార్లూ బస్సులో తీసుకెళ్లి, చేన్లో చూసి, మరునాడే వెనక్కి తెచ్చింది.

మూడోసారి ఇద్దరూ కలిసి కూర్చున్నారు. "గొట్టం ఇనుముది యాలన్నా? నీళ్ల పైపు పెట్టు, తిన్నగా ఉంటుంది" అంది చిన్నక్క. "పిడులు వాటంతటవే దగ్గరికి రావాలంటే ఏం చెయ్యాల?" అన్నాడాయన. ఇద్దరూ ఒకేసారి షాపు గోడకు ఆనించిన పాత సైకిలు చూశారు. దాని ట్యూబు కోసి, ఆ రబ్బరు పట్టీని రెండు పిడులకూ కట్టాడు. ఇప్పుడు పిడులు విడదీస్తే ముక్కు తెరుచుకుంటుంది, వదిలేస్తే దానంతటదే మూసుకుంటుంది.

షాపు వెనక వేపచెట్టు కింద ఆకులు కుళ్లి మెత్తబడిన నేల ఉంది. చిన్నక్క నిటారుగా నిలబడి గుచ్చింది. పైనుంచి పైపులో గింజ వేసింది. టక్కుమని కిందికి జారిన చప్పుడు. పిడులు విడదీసి, పైకి లాగింది. ఈశ్వరప్ప మోకాళ్ల మీద కూర్చుని వేలితో కెలికి చూశాడు. గింజ రెండు వేళ్ల లోతులో కూర్చుని ఉంది.

"ఇటియ్యి" అన్నాడాయన. వరసగా ముప్పై గుంతలు వేశాడు. ముందు షాపులో గేటు కోసం వచ్చినాయన పిలిచి పిలిచి వెళ్లిపోయాడు.

జూలైలో వాన పడి నేల పదునెక్కిన రోజున అరెకరాలో విత్తడం మొదలైంది. చిన్నక్క రెండు సాళ్లు వేసిందో లేదో, గట్టు మీద బీడీ కాల్చుకుంటూ చూస్తున్న మునెప్ప లేచొచ్చాడు.

"కొంచేపు ఇయ్యి, సూద్దాం."

ఇచ్చింది. ఒక సాలు అయింది. రెండు అయ్యాయి. ఆరో సాలుకు మళ్లీ, "ఇంక ఇయ్యప్పా, నేనేస్తా" అంది.

"ఉండు మే, ఈ సాలు కానీ."

"ఆ మాట చెప్పి నాలుగు సాళ్లయింది!"

మేకలు ఆ రోజు ఆకలికి అరిచి అరిచి ఊరంతా వినిపించాయట. తొమ్మిది రోజులు పట్టిన పని, మార్చి మార్చి వేస్తే రెండు రోజుల్లో అయిపోయింది. చిన్నక్క నడుము నొప్పెట్టలేదు. రెండో రోజు సాయంత్రం చేన్లోంచి ఇంటికి నడుస్తూ పాట పాడిందని మునెప్ప ఇప్పటికీ చెప్తాడు.

అప్పుడు వాన మొహం చాటేసింది. పొద్దున మోడం పట్టేది, మధ్యాహ్నానికి గాలికి చెదిరిపోయేది. ఒక వారం, రెండు వారాలు, నెల. ఊళ్లో దున్ని విత్తిన వేరుశనగ చేలల్లో పదకొండు గంటలకే ఆకులు దోసిలి పట్టినట్టు ముడుచుకునేవి. చిన్నక్క సొంత రెండెకరాల వేరుశనగ కూడా అంతే. దాని పక్కనే, అదే గెనిమి లోపల, అరెకరాలో కంది, అలసంద ఆకు విప్పుకుని పచ్చగా నిలబడ్డాయి.

శంకరప్ప రోజూ అటుగా పోతూ చూసేవాడు. ముప్పై ఒకటో రోజున ఆగి, చేన్లోకే వచ్చాడు.

"నిజం చెప్పు చిన్నక్కా. తెల్లారుజామున బిందెలతో నీళ్లు పోస్తాండావు కదా?"

"అరెకరాకా? బిందెలతోనా? నా మొకం సూడన్నా, తాగే నీళ్లకే మైలు పోతాండా!"

"మరి ఎట్ల?"

"నన్నడిగితే ఏం తెలుస్తాది. కూసో. చెయ్యి పెట్టు."

శంకరప్ప తువ్వాలు భుజం మీంచి తీసి, పంచె ఎగ్గట్టి కూర్చున్నాడు. చెత్త తొలగించి చెయ్యి పెట్టాడు. నాలుగు వేళ్ల కిందికి తడి తగిలింది. మళ్లీ ఇంకోచోట పెట్టాడు. అక్కడా తడే. గుప్పెడు మన్ను తువ్వాల్లో మూట కట్టుకుని తన చేనుకు వెళ్లి, అక్కడి గుప్పెడు తీసి పక్కపక్కన పెట్టుకుని చూస్తూ ఎండలో చాలాసేపు కూర్చుండిపోయాడు. గట్టు మీంచి చూస్తున్న చిన్నక్కకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. వేసింది కూడా. "ఎవురూ సూడలేదనుకున్నా. ఈయన సూసినాడు" అని మునెప్పను చూపించి చెప్పింది.

సెప్టెంబరు వానలకు మిగతా పైర్లు కొంత తేరుకున్నాయి, కొన్ని తేరుకోలేదు. చిన్నక్క అరెకరా ఆగకుండా కాసింది. డిసెంబరులో అనపకాయలు కోతకొచ్చాయి. శంకరప్ప ఇంటితో సహా పది ఇళ్లకు పంచింది. ఆ రోజు ఏ వాకిట్లో చూసినా నానబెట్టిన గింజలు పితుకుతున్న ఆడవాళ్లే, ఏ ఇంట్లో చూసినా పితికిపప్పు కూర వాసనే. నేనూ తిన్నాను. వేడివేడి సంగటి ముద్దలో గుంత చేసి అందులో ఆ కూర పోసి పెట్టింది. రెండో ముద్ద నేనే అడిగాను.

ఆ మరుసటి ఏడు మే నెలలో కుప్పం వైపు పల్లెల ఆడరైతులకు ఆ పనిముట్టు చూపించమని ఉషారాణి ఆమెను పిలిచింది. బడికి సెలవులు, నేనూ వెంట వెళ్లాను. మదనపల్లె బస్టాండులో మమ్మల్ని చూడగానే కండక్టరు గుమ్మంలో చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఇదేందమ్మా? నిలువెత్తు కొంగముక్కు మాదిరి ఉండాది!"

బస్సంతా నవ్వింది. అందరికంటే గట్టిగా చిన్నక్కే నవ్వింది. "పేరు భలే పెట్టినావప్పా! ఇన్ని దినాలు దీనికి పేరే లేదు" అంటూ ఎక్కి, సీట్ల మధ్య దాన్ని పడుకోబెట్టి, పుంగనూరు వచ్చేలోపల బస్సులో సగం మందికి విత్తడం నేర్పేసింది.

కుప్పానికి అవతల ఒక పల్లెలో శాంతకుమారి అనే రైతు చేన్లో సమావేశం. నూటయాభై మంది దాకా ఆడవాళ్లు. శాంతకుమారికి మోకాళ్లు వంగవు. మూడేళ్లుగా గెనిమి మీద కుర్చీ వేసుకుని కూలీలకు చెప్పి చేయించడమే గానీ చేన్లో దిగింది లేదు. ఆమె కుర్చీ ముందు వరసలో ఉంది.

ఉషారాణి రెండు మాటలు చెప్పి చిన్నక్కను ముందుకు పిలిచింది. చిన్నక్క చేను మధ్యకు నడిచి, కొంగు బిగించి, పిడులు పట్టుకుని బలంగా గుచ్చింది.

ఠంగ్‌మని శబ్దం. ముక్కు దిగలేదు. ఎండకు కాలిన గరుసు నేల, సిమెంటు గచ్చులా ఉంది. ఇంకా గట్టిగా గుచ్చింది. ముక్కు పక్కకు వంగిపోయింది.

వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. "మడక దిగందే సేద్యం యాడైనా ఉండాదా?" అని ఇంకో గొంతు. చిన్నక్క వంగిన ముక్కును చూసుకుంటూ నిలబడింది.

తలెత్తి చుట్టూ చూసింది. పనిముట్టు భుజాన వేసుకుని గబగబా చేను అంచుకు నడిచింది. బస్సుకు పోతోందనే అనుకున్నాను. అక్కడ రాగిగడ్డి వామి వేసి తీసేసిన చోటుంది. అడుగున కుళ్లిన గడ్డి మిగిలి ఉంది. చిన్నక్క కాలితో ఆ గడ్డిని తడిమింది, వంగి వాసన చూసింది. రెండు రాళ్లు వెతికి, ఒకదాని మీద ముక్కు పెట్టి ఇంకోదానితో నాలుగు దెబ్బలు వేసి తిన్నగా చేసింది. లేచి గడ్డి మీదినుంచే గుచ్చింది.

ముక్కు మొత్తం లోపలికి దిగిపోయింది!

"అమ్మా, అందురూ ఈడికి రాండి! బిన్నా రాండి!"

గుట్ట అవతలికి వినబడే గొంతది. ఆడవాళ్లంతా లేచి పరుగు లాంటి నడకతో వచ్చారు.

"ఆడ చెయ్యి పెట్టండి, ఈడ చెయ్యి పెట్టండి. ఒకే చేను, ఒకే వాన. నడిచి సూస్తే పదడుగులు లే. ఆడ నేల బట్టల్లేకుండా ఎండలో పడుండాది, ఈడ దుప్పటి కప్పుకోనుండాది. నా కొంగముక్కుతో ఏమీ కాదమ్మా, ముందు నేలకు కప్పు కావాల. నేను గూడా మొదుట తప్పు చేసినా, కప్పు లేని చోటికి పోయి గుచ్చినా. ముక్కు వంగింది, బుద్ధొచ్చింది!"

కిసుక్కుమన్న గొంతుతో సహా అందరూ నవ్వారు. ఈసారి నవ్వు వేరు. చేతులు మట్టిలోకి దిగాయి. "చల్లగా ఉండాదే!" "వానపాము, వానపాము!" "యాడ, నన్ను సూడనియ్యి!" అంటూ ఒకరినొకరు తోసుకున్నారు.

"అమ్మీ, నాకొకసారి ఇస్తావా?"

శాంతకుమారి కుర్చీ వదిలి, కర్ర ఊతంతో అక్కడి దాకా వచ్చేసింది. చిన్నక్క పనిముట్టు ఆమె చేతికిచ్చి, కర్ర తను పట్టుకుంది. శాంతకుమారి గుచ్చింది. గింజ వేసింది. పిడులు విడదీసింది. ఒక అడుగు ముందుకు. మళ్లీ. పనిముట్టే ఆమెకు ఊతకర్ర అయింది. వామి జాగా చివరిదాకా ఒక సాలు వేసి, వెనక్కి తిరిగి చూసుకుని, చిన్నపిల్లలా కేక పెట్టింది.

"మూడేండ్లయింది నా చేత్తో ఒక గింజ యేసి! మూడేండ్లు!"

చిన్నక్క ఆమెను వాటేసుకుంది. వెనకాల వరస కట్టేశారు. భోజనాలు చల్లారిపోతున్నాయని పిలిచినా ఎవరూ కదల్లేదు. చివరికి రబ్బరు పట్టీ తెగి పనిముట్టు ఆగిపోతే, ఎవరో తమ స్కూటరు లోంచి పాత ట్యూబు ముక్క తెచ్చి కట్టారు.

తిరుగు ప్రయాణంలో ఆమె మదనపల్లె దాకా రానేలేదు. పుంగనూరులో దిగిపోయి, తిన్నగా ఈశ్వరప్ప షాపులోకి పోయింది. "అన్నా, ముక్కు మందం పెంచాల. గరుసు నేలకు ఒకటి, మనకొకటి. కుప్పంలో పదకొండు కావాలంటాండారు!" ఈశ్వరప్ప అంత మాటకారి కాదని చెప్పాను కదా. ఆయన లేచి, ఇనుము కొలిచే టేపు అందుకున్నాడు.

ఆ ఏడు కుప్పం వైపు ముప్పై ఎనిమిది మంది తలా కొంచెం నేలను దున్నకుండా వదిలారు. అందరిదీ పండలేదు. నలుగురి చేలల్లో పశువులు పడి కప్పంతా మేసేశాయి. ఇద్దరు కలుపుకు భయపడి మధ్యలోనే దున్నేశారు. మిగిలినవాళ్లు మరుసటి ఏడు జాగా పెంచారు. శాంతకుమారి తన ముప్పావు ఎకరా మొత్తం తనే విత్తింది, కూలీలను గెనిమి మీద కూర్చోబెట్టి మరీ.

చిన్నక్క రెండున్నర ఎకరాల్లో ఇప్పుడు నాగలి పడదు. గట్ల మీద అవిసె ఇంటి చూరు దాటి ఎదిగింది. మునెప్ప మేకలు ఇరవై రెండు నుంచి ముప్పై అయ్యాయి. ఎవరైనా కొత్తవాళ్లొస్తే నేల నోరు గురించి ఆయనే చెప్తాడు, ఆ మాట మొదట తనే అన్నట్టు. చిన్నక్క పక్కనుండి నవ్వుకుంటుంది.

కిందటి ఆదివారం నేను బోడిగుట్టపల్లె వెళ్లేసరికి ఆమె ఇంట్లో లేదు. శంకరప్ప చేన్లో ఉందన్నారు. ఆయన ట్రాక్టరు వెనక తగిలించేలా మూడు ముక్కులు ఒకే వరసలో బిగించి ఈశ్వరప్ప ఏదో కొత్తది పంపాడు. శంకరప్ప ఒక ఎకరాలో నిరుటి జొన్నమోళ్లను అట్లాగే వదిలేసి, వాటి మధ్య సాళ్లకు తాడు కొలతలు వేస్తున్నాడు. పదునారిపోకముందే విత్తాలని ఇద్దరూ హడావిడిగా ఉన్నారు.

నేను పలకరించే లోపలే చిన్నక్క తాడు కొస నా చేతిలో పెట్టింది.

"బాగుండావామ్మా? మాటలు తరవాత. ఆ మూలకు పోయి బిగించి పట్టుకో. పో, బిన్నా పో!"

చెప్పులు విడిచి, చీర కుచ్చెళ్లు ఎత్తి దోపుకుని, నేను పరుగెత్తాను.